మలుపులో పెట్టిన సెన్సారు

తవిటమ్మ బండికి దగ్గు పట్టుకుంది. మనిషికి దగ్గొస్తే మిరియాల కషాయం పోస్తారు. బండికి దగ్గొస్తే ఏం పోయాలో కవిటిలో ఎవరికీ తెలియదు గానీ, సలహాలు మాత్రం అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ అందరూ పోశారు. డీజిల్‌లో కల్తీ అన్నాడొకడు. ఆడది నడిపే బండికి దిష్టి తగలకుండా ఎలా ఉంటుందని ఒక ముసలావిడ నిమ్మకాయలు తెచ్చి ముందు కట్టింది. బండిలో రోజు విడిచి రోజు కూర్చునే పేషెంట్లలో పెద్దవాడు గున్నయ్య అయితే, "నా కిడ్నీలూ నీ ఇంజనూ ఒక్క ముహూర్తానికే సెడిపోనాయే తవిటీ," అని పడీ పడీ నవ్వేవాడు. ఆయనతో పాటు తవిటమ్మా నవ్వేది. నవ్వుతూనే చెవి మాత్రం ఇంజను మీద పెట్టి ఉంచేది.

ఆమె మొగుడు కూడా ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఉద్దానంలో అదేమీ వింత కాదు, అందుకని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది ఆ తర్వాత తవిటమ్మ ఏడుగురు కూర్చునే పాత బండి ఒకటి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ పేషెంట్లను పలాస ఆసుపత్రికి రక్తం కడిగించుకోవడానికి తీసుకెళ్ళి తీసుకొస్తానన్నప్పుడు. మొగుడు పోయిన మనిషి కిరాయి బండి నడపడమేమిటని అత్తవారు వాకిట్లో నిలబడి గోల చేశారు. అప్పుడు వాళ్ళకు అడ్డం నిలబడినవాడు ఆమె తమ్ముడు లోకేష్ ఒక్కడే. "మా అప్పకి నాను నేర్పుతాను. సూసి ఓర్సుకోలేనోళ్ళు తలుపులేసుకోండి," అని అందరి ముందూ అన్నాడు. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. సముద్రం పక్క ఇసక రోడ్డు మీద పక్క సీట్లో కూర్చుని, తిట్టి, నవ్వించి, నెల తిరిగేసరికి ఆమె చేత హైవే ఎక్కించాడు. అంత చేసిన తమ్ముణ్ని కాదని ఆమె ఎవరి మాట వింటుంది?

లోకేష్ టెక్కలిలో లారీ షెడ్డులో పని నేర్చి, కవిటి రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పనిమంతుడే. గేరుబాక్సు విప్పితే కళ్ళు మూసుకుని బిగిస్తాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఇక ఆ వైపు ఒక పద్ధతి ఉంది: బండి ఒక్క చేతి కిందే ఉండాలి. మెకానిక్కును మార్చడమంటే సంబంధం తెంచుకోవడంతో సమానం. ఆ చెయ్యి తోడబుట్టినవాడిదైతే ఇక చెప్పాలా! వేరే షెడ్డు ముందు తవిటమ్మ బండి ఆగిందంటే చాలు, సాయంత్రానికి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవని ఊరంతా అనుకుంటుంది.

దగ్గు ఎలా మొదలైందంటే, కిందటేటి వానల్లో రోడ్డు మీద నీళ్ళు నిలిచి, ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోయి బండి మధ్యలో ఆగిపోయింది. ఆ గాలిని శుభ్రం చేసే ఫిల్టరు ఉన్న పెట్టె బండిలో కిందుగా, బంపరు వెనకాల ఉంటుంది. ఈ వేసవిలో లోకేష్ దాన్ని పీకి, పైకి ఎత్తి బ్యాటరీ పక్కన కట్టాడు. నిజానికి మంచి ఆలోచన. పెట్టె పైకి వెళ్ళేసరికి గొట్టం పొడుగు పెంచి మోచెయ్యిలా వంచాల్సి వచ్చింది. ఇంజనుకు ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సారు ఒకటి ఆ దారిలో ఉంటుంది. అంతకుముందు అది పెట్టె మూతికే ఉండేది. ఇప్పుడు దాని వైరు అక్కడికి అందలేదు. కంపెనీ వైరు తెంపి అతికితే కంప్యూటరు పోతుందేమోనని లోకేష్‌కు భయం. అందుకని వైరు ఎంతవరకు అందిందో అంతవరకే, సరిగ్గా మలుపు తిరిగిన చోట సెన్సారు బిగించేశాడు.

"ఒరే, అది ముందు పెట్టె మూతికే ఉండేది కదా. మెలిక దాటినాక పెడితే ఏటైనా తేడా ఒస్తాదేటి?" అని తవిటమ్మ ఆ రోజే అడిగింది.

"నువ్వు తోటలో మోటారెయ్యనేదా అప్పా? పైపు మొదట్లో పట్టినా సివర్న పట్టినా అవే నీళ్ళు. మజ్జిలో మెలికుందని నీళ్ళు తగ్గిపోతాయేటి? గాలీ అంతే. ఎక్కడ కొలిసినా గాలి గాలే."

వినడానికి ఎంత బాగుందో! కొబ్బరి తోటల్లో పెరిగిన మనిషికి ఇంతకంటే నమ్మకమైన మాట ఉండదు. తవిటమ్మ నమ్మింది. మర్నాటి నుంచి బండి దగ్గడం మొదలుపెట్టింది. చదును మీద బాగానే పోయేది. ముందున్న లారీని దాటుదామని కాలు నొక్కితే మాత్రం వెనక నల్లటి పొగ కక్కి, ఎవరో కొంగు పట్టుకు లాగినట్టు నీరసపడిపోయేది. కాలు తీస్తే ఒక్కోసారి ఇంజను ఆగే దాకా వచ్చేది.

అడిగితే, "కొత్త గొట్టం కదా. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాది," అన్నాడు. సర్దుకోలేదు. మళ్ళీ వెళితే సెన్సారు ఊడదీసి, మందు కొట్టి తుడిచి, ఉన్నచోటే బిగించాడు. ఇంకోసారి వెళ్ళేసరికి షెడ్డులో నలుగురు కూర్చుని ఉన్నారు. లోకేష్ తల కూడా ఎత్తకుండా, "నువ్వు క్లచ్చి మీద కాలెట్టి నడుపుతన్నావప్పా. ఆడోళ్ళందరిదీ అదే జబ్బు," అన్నాడు. నలుగురూ నవ్వారు. తవిటమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. నేర్పినవాడే నలుగురిలో అంత మాటనేశాడు. ఆమె బండెక్కి వచ్చేసింది. ఏమైనా అంటే వాడికి నామోషీ అని, అక్కడా వాడి గురించే ఆలోచించింది.

ఆ వారంలోనే పలాస నుంచి తిరిగొస్తూ, హైవే మీద డివైడర్ సందులోంచి కుడికి తిరగబోయింది. ఎదురుగా లారీ దూరంగానే ఉంది. దాటేయొచ్చు. రోడ్డు మధ్యకు వచ్చి కాలు నొక్కింది. బండి దగ్గి, ఊపిరందనట్టు అక్కడే ఊగిసలాడింది. వెనక సీట్లలో రక్తం కడిగించుకుని వడలిపోయిన మనుషులు కళ్ళు మూసుకుని ఉన్నారు. లారీవాడు హారన్ కొడుతూ, బ్రేకు వేస్తూ, బండి ముక్కు పక్క నుంచి గాలి విసిరికొట్టేంత దగ్గరగా పోయాడు. ఎలాగో అవతలి గట్టుకు చేర్చి, స్టీరింగు మీద తల పెట్టుకుంది. ఆ రోజు గున్నయ్య హాస్యాలాడలేదు. "తవిటీ, ఆ రోగం మమ్మల్ని ఎలాగూ ఒగ్గదు. నువ్వు బేగి పైకి పంపీకు తల్లీ," అని మాత్రం అన్నాడు.

తర్వాతి ట్రిప్పులో పేషెంట్లను ఆసుపత్రిలో దింపి, దొంగతనానికి పోయేదానిలా పలాసలో బైపాసు పక్కనున్న ఒక పెద్ద వర్క్‌షాపుకు బండి తోలింది. అక్కడ బోనెట్ ఎత్తింది ధరణి అనే అమ్మాయి. నందిగాం వైపు పిల్ల, ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. నోరు ఊరుకోదు. పక్క బండి దగ్గరున్న ఇద్దరు మగపిల్లలను తిడుతూనే ల్యాప్‌టాప్ వైరు తగిలించి, ఇంజనును రేజు చేయమంది. తెర మీద అంకెలు ఎగిరాయి.

"ఇది మీ ఇంజను పీల్చే గాలి లెక్క ఆంటీ. మీరు కాలు కదపకపోయినా అదెలా గెంతుతోందో సూడండి. ఈ మలుపులో సెన్సారు పెట్టిన మహానుభావుడెవడు?"

"కొన్నప్పుడే ఇలగుందమ్మా," అంది తవిటమ్మ. అబద్ధం అంత సులువుగా నోటికి వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"పైపులో ఎక్కడ కొలిసినా అదే కదా, మరి తేడా ఎందుకొస్తాది?" అని తమ్ముడి మాటనే తన మాటగా అడిగింది కూడా. లోపల ఎక్కడో వాడి మాటే నిజమైతే బాగుండునని ఆశ.

ధరణి నవ్వలేదు. "పొలం కాలవ మలుపు తిరిగే చోట ఎప్పుడైనా సూశారా? ఏమవుతుందక్కడ?"

"బయటొడ్డు కోసీస్తాది. లోపలొడ్డు కాడ ఇసక పేరుకుంటాది."

"ఎందుకూ?"

"ఒక పక్క నీళ్ళు ఉరుకుతాయి. ఒక పక్క నిద్దరోతాయి."

"అంతేనండీ. కాలవలో నీళ్ళు మొత్తం అవే, కానీ మీరు ఒక్క వేలు ముంచి లెక్క సెప్పాలంటే ఎక్కడ ముంచుతారు? ఈ సెన్సారుదీ ఒక్క వేలే. మలుపు దాటగానే పెడితే ఒకసారి ఉరికే గాలి తగులుతుంది, ఒకసారి నిద్రపోయే గాలి తగులుతుంది. అది సెప్పిందల్లా నమ్మి కంప్యూటరు డీజిల్ పోస్తుంది. ఫిల్టరు దాటాక, తిన్నగా పోయే గొట్టంలో, ముందూ వెనకా మలుపు లేని చోట పెట్టాలి. మీద బాణం గుర్తుంటుంది, అది ఇంజను వైపు సూడాలి. పెట్టె పైనే ఉండనీండి, మీ వైపు వానలకి అదే మంచిది. దాన్ని ఇటు తిప్పి కడితే మూతి దగ్గర తిన్నటి జాగా దొరుకుతుంది. వైరుకు ముక్క అతికితే సరిపోతుంది. ఆ ముక్క అతకడానికి బద్ధకించాడు ఎదవ."

ఆ చివరి మాట తవిటమ్మకు తగిలింది. బద్ధకం కాదు, భయం అని చెప్పాలనుకుంది. చెబితే ఎవరని అడుగుతుంది. మింగేసింది.

పని మధ్యాహ్నం లోపే అయిపోయింది. బోనెట్ వేస్తూ ధరణి, "మీకు బండి అమ్మినవాణ్ని కనుక్కుని సెప్పండి ఆంటీ. ఇంకో బండికి ఇలాగే చేస్తే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది," అంది. "సెప్తానమ్మా," అంది తవిటమ్మ. చెప్పాలనే అనుకుంది. అందులో మాత్రం అబద్ధం లేదు.

తిరుగు దారిలో బండి పాదం కింద వెన్నలా పోయింది. లారీలను ఒకదాని వెనక ఒకటి దాటేస్తుంటే గున్నయ్య లేచి కూర్చుని, "నీ ఇంజనుకి కొత్త కిడ్నీ దొరికీసిందే! మాకెప్పుడో!" అన్నాడు. బండంతా నవ్వింది. ఇంట్లో దీపం పెట్టిన తర్వాత తమ్ముడి దగ్గరికెళ్ళి మెల్లగా చెబుదామని తవిటమ్మ మాటలు కూర్చుకుంటోంది. అంతలో షెడ్డు వచ్చింది. లోకేష్ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఇంజను శబ్దం విన్నాడు, మెకానిక్కు కదా. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మొహం చేటంత అయింది.

"అన్నానా? సర్దుకుంటాదని అన్నానా నేదా?" అని వెనక్కి తిరిగి, షెడ్డులో ఉన్నవాళ్ళతో, "ఇనండి రా, ఈ సప్పుడు! మా అప్ప నన్ను తినీసింది ఇన్నాళ్ళూ," అన్నాడు.

వాడు అంత సంతోషంగా ఉండడం చూసి ఎన్నాళ్ళయింది! నలుగురూ తన వైపే చూస్తున్నారు. తవిటమ్మ అద్దం దించి, "నీ మాటే నిజమైంది తమ్ముడూ," అంది.

మన జాతికి మొహమాటమంత పాపిష్టి గుణం ఇంకొకటి లేదు. నోరు తెరిస్తే ఒక్క పూట అలుగుతారు. నోరు మూసుకుంటే జన్మంతా ఏడవాలి. ఈ లెక్క చంటిపిల్లకైనా తెలుసు. అయినా నలుగురి మధ్య మనవాడి మొహం చిన్నబోకూడదని నోరు మూసుకుంటాం, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటాం. తవిటమ్మ కూడా అదే పేరు పెట్టుకుంది.

ఆ ఆదివారం తమ్ముడింటికి వెళ్ళింది, చెప్పాలనే. మరదలు ప్రవల్లిక పీతల కూర వండింది. "మీ బండి మాట తప్ప ఇంకో మాట నేదు వదినా ఈయనకి. నిన్న మా నాన్నకి ఫోను సేసి మరీ సెప్పినాడు," అని మురిసిపోయింది. తవిటమ్మ కూర బాగుందని చెప్పి, అన్నం తిని వచ్చేసింది. ఆ తర్వాత బోనెట్ తమ్ముడి కంట పడకుండా చూసుకోవడమే పనైపోయింది. ఆసుపత్రి దగ్గర ఊరికే కూర్చునే టైములో ఆయిలు అక్కడే మార్పించేస్తున్నానంది. "తమ్ముడి సెయ్యి సేదయిపోనాదేటి?" అని వాడు వేళాకోళమాడాడే గానీ అనుమానపడలేదు. అక్క అబద్ధమాడుతుందని వాడు కలలో కూడా అనుకోడు.

వానలు దగ్గరపడ్డాయి. పోలారావు తన బండి తెచ్చాడు. పోలారావు తవిటమ్మ మొగుడికి పినతండ్రి కొడుకు, ఆమెకు మరిది. మూలపేటలో కొత్త ఓడరేవు పనులకు కూలీలను తీసుకెళ్తుంటాడు. ఆ తీరం రోడ్డు మీద వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. అతనిదీ ఏడుగురి బండే. పక్కన పెళ్ళాం అమ్ములు కూర్చుని ఉంది. తవిటమ్మ ఏదో పని మీద షెడ్డు దగ్గరే ఉంది.

"ఒదినా, నీ బండికి లోకేసు గాలి పెట్టె ఎత్తి కట్టినాడు కదా. ఎలగుంది? ఉన్నమాట సెప్పు," అన్నాడు పోలారావు.

లోకేష్ పానా భుజానికి ఆనించుకుని, చిరునవ్వుతో అక్క వైపే చూస్తున్నాడు.

"బాగుంది," అంది తవిటమ్మ.

"లోడు మీద లాగుతోందేటి?"

"లాగుతాది."

ఆ రెండు మాటల్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేయొచ్చు. పోలారావు తాళాలు తీసి లోకేష్ చేతిలో పెట్టాడు. లోకేష్ రెట్టించిన ఉత్సాహంతో పెట్టె పైకెత్తి, గొట్టం వంచి, సరిగ్గా మలుపులోనే సెన్సారు బిగించాడు.

పోలారావు బండి దగ్గడం మొదలుపెట్టింది. అతను తెచ్చి చూపించాడు. "అప్ప బండీ ఇలగే దగ్గింది బావా, నువ్వూ సూసినావు కదా. నాలుగు రోజులు ఓపిక పట్టు, సర్దుకుంటాది," అన్నాడు లోకేష్. పోలారావు ఎందుకు నమ్మడు? ఒదిన బండి దగ్గడం చెవులారా విన్నాడు, మానడం కళ్ళారా చూశాడు. ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

ఆ దగ్గు తవిటమ్మ ఇంటి ముందు నుంచే పొద్దున్నే వెళ్ళేది. గిన్నె తోముతున్నదల్లా చెయ్యి ఆపేది. ఈ రోజు చెప్పేస్తానని రోజూ అనుకునేది. వాడికి చెప్పాలంటే తానిన్నాళ్ళూ దాచిన సంగతి చెప్పాలి. పోలారావుకు చెప్పాలంటే తమ్ముణ్ని బజారుకీడ్చాలి. పోనీ పోలారావు బండి వేరే కంపెనీది, దానికి అదే సర్దుకుంటుందేమో అని ఒక ఆశ. సెన్సారు సంగతి తెలియని లోకేష్ అలా అనుకున్నాడంటే అర్థముంది. తెలిసిన తర్వాత తవిటమ్మ అలా అనుకోవడానికి అర్థం లేదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

పట్టపగలు జరిగింది. కూలీలను దింపి పోలారావు ఒక్కడే వస్తూ, హైవే మీద డివైడర్ సందులో కుడికి తిరిగాడు. బండి రోడ్డు మధ్యలో ఆగింది. ఈసారి లారీవాడికి బ్రేకు పడలేదు. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు మోకాలి పై దాకా తీసేశారు.

కుండకు మూకుడు పెట్టగలం గానీ లోకుల నోటికి పెట్టలేం. ఎదురుగా లారీ వస్తుంటే రోడ్డు మధ్యలో బండి ఆపేవాడు తాగి ఉండకపోతే ఎలా ఆపుతాడన్నారు. అతను తాగడని తెలిసినవాళ్ళు కూడా అన్నారు. పని ఇచ్చినవాళ్ళు ఆ మాటే పట్టుకుని, ఇక వాడు మాకొద్దన్నారు. లోకేష్ ఆసుపత్రికి పరుగెత్తి రక్తమిచ్చాడు. రాత్రింబవళ్ళు అక్కడే ఉన్నాడు. తన పని వల్ల ఇది జరిగి ఉంటుందన్న ఊహ కూడా వాడికి రాలేదు.

అమ్ములు ఊరుకోలేదు. పెద్ద రైతు జోగారావు కొబ్బరి కళ్ళంలో పది మందినీ పిలిపించింది. ఊళ్ళో తగువులు ఆయన దగ్గరే తెగుతాయి. ఒలిచిన కాయల గుట్టల మధ్య కుర్చీలో ఆయన కూర్చున్నాడు.

"నా మొగుడు ఎప్పుడూ మందు ముట్టనేదు బాబూ. బండి మజ్జిలో ఊపిరాడక ఆగిపోనాదని సెప్తన్నాడు. లోకేసు పని సేసినప్పట్నుంచి అది దగ్గుతోంది. సెప్తే సర్దుకుంటాదన్నాడు," అంది అమ్ములు.

లోకేష్‌కు రోషమొచ్చింది. "పోలారావు బావ తాగినాడని నాను అన్లేదు. గానీ నా పని మీద ఏస్తే ఎలగ? మా అప్ప బండికీ ఇదే పని సేసినాను. రోజూ పేషెంట్లనేసుకుని పలాస ఎల్లొస్తంది. అది ఆగనేదే! ఇదిగో, బయటే ఉంది. అందరూ సూడండి."

"ఒద్దు తమ్ముడూ," అంది తవిటమ్మ.

"ఒద్దేటప్పా? సూడనీ, నాకేటి బయమా?"

వాడే వెళ్ళి లోపలికి చెయ్యి పెట్టి లివరు లాగాడు. వాడే బోనెట్ ఎత్తి కడ్డీ నిలబెట్టాడు. వేలు చూపించడానికి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పెట్టె ఇటు తిరిగి ఉంది. దాని మూతి నుంచి గొట్టం తిన్నగా వస్తోంది. ఆ తిన్నటి చోట సెన్సారు నిలబడి ఉంది, దాని వైరుకు నల్లటి ముక్క శుభ్రంగా అతికి ఉంది. లోకేష్ ఫిల్టరు దగ్గర మొదలుపెట్టి గొట్టం పొడవునా చెయ్యి నెమ్మదిగా పోనిచ్చాడు. మలుపు దగ్గర ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి సెన్సారును ముట్టుకున్నాడు. వాడికి ఎవరూ కాలవ సంగతి చెప్పనక్కరలేకపోయింది. చేతికి పని తెలుసు, ఒక్కసారి సరైన చోటు కనబడితే చాలు.

"మా బండికి ఇలగ నేదు," అంది వెనక నుంచి తొంగి చూసిన అమ్ములు.

"ఇది నీ పనేనేట్రా?" అన్నాడు జోగారావు.

"నాది కాదు బాబూ."

అప్పుడు తవిటమ్మ నోరు విప్పింది. ఎంత ఆలస్యంగా! "పలాసలో సేయించినాను," అంది.

"ఎప్పుడక్కా?" అని అడిగింది అమ్ములు.

"వానలకి ముందు."

"మా ఆయన నిన్ను అడిగినప్పటికే?"

తవిటమ్మ తలూపింది. అమ్ములు ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని తవిటమ్మకు అనిపించింది. "నాను పక్కనే కూసున్నాను గదా అక్కా. ఉన్నమాట సెప్పమని ఆయన నిన్నే అడిగినాడు, ఇంకెవర్నీ అడగనేదు," అని పీచు గుట్ట మీద కూలబడింది.

లోకేష్ జోగారావు వైపు తిరిగాడు. "పోలారావు బావ తాగనేదు బాబూ. తప్పు నాది. సెన్సారు పెట్టకూడని సోట పెట్టినాను. తగలడానికి లారీ తగిలింది గానీ, బండిని ఆపింది నానే." గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడు. వాడు బోనెట్ దించి, చప్పుడు కాకుండా నొక్కి, రోడ్డు వైపు నడిచాడు.

తవిటమ్మ వెనకే పరుగెత్తింది. చెయ్యి పట్టుకుంది. "నలుగురిలో నీ పరువు పోతాదని తమ్ముడూ... నువ్వు నాకు సేసిందానికి... నీ మొకం సిన్నబోతే సూడలేక..."

లోకేష్ చెయ్యి విదిలించుకోలేదు. అక్క మొహంలోకి తిన్నగా చూశాడు. వాడి కళ్ళలో కోపం కూడా లేదు. కోపముంటే ఆమె ఏ కాళ్ళో పట్టుకునేది.

"సెప్పుంటే ఓ రోజు అలుగుదును, మర్నాడు పోలారావు బండి నానే విప్పుదును. నా పరువు కాపాడినావప్పా. ఇదిగో, సెక్కుసెదరకుండా నా కాడే ఉంది. కాలు బదులు పెట్టుకోడానికి పనికొస్తాదేమో, ఎల్లి పోలారావునడుగు."